స్పెషల్ టీచర్ అవుతారా? అయితే ఈ మిగతా సగం కూడా వినండి

డీఎస్సీ కోచింగ్ సెంటర్ల పక్కన టీ కొట్ల దగ్గర మాటలు ఈ మధ్య కొంచెం మారాయి. ఇదివరకు ‘ఎస్జీటీ పోస్టులు ఎన్ని, అందులో మన జిల్లాకు ఎన్ని’ అన్నదొక్కటే లెక్క. ఇప్పుడు ఇంకో మాట తోడైంది. ‘‘స్పెషల్ ఎడ్యుకేషన్ చేశావనుకో, పోటీ ఉండదురా. పోస్టులున్నాయి, మనుషుల్లేరు.’’ మొన్న డిగ్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్న కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి ఇదే అడిగాడు. ‘‘సార్, స్పెషల్ బీఈడీ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నిజమేనా?’’

సగం నిజమే అన్నాను. మిగతా సగం చెప్పడానికి గంట పట్టింది. మీలో చాలామంది మనసులో అదే ప్రశ్న ఉంటుందని తెలుసు కాబట్టి, ఆ గంటసేపటి మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి కాదు. ఆ ఉద్యోగంలో మీ ముందు కూర్చునేది ఎవరో, వాళ్లకు పాఠం చెప్పడం గురించి ఇన్నేళ్ల పరిశోధన ఏం తేల్చిందో తెలుసుకుని మరీ చేరండి అని చెప్పడానికి.

పోస్టులు ఊరికే పుట్టలేదు

ముందు నిజమైన సగం చూద్దాం. మన దేశంలో 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన లోపాలు అప్పుడే ఆ జాబితాలోకి వచ్చాయి. అంటే అప్పటిదాకా ‘మొండివాడు’, ‘మొద్దు’ అని బెంచీ చివర కూర్చోబెట్టిన పిల్లల్లో కొందరికి చట్టం ఒక పేరు, దాంతోపాటు ఒక హక్కు ఇచ్చింది.

హక్కు కాగితం మీదే ఉంటే సరిపోదు కదా. బడిలో టీచర్ ఉండాలి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన కాంట్రాక్టు స్పెషల్ టీచర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రజనీష్ కుమార్ పాండే కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2021 అక్టోబరులో తీర్పు వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలైతే ఎనిమిది మందికి ఒక టీచర్. మేధోపరమైన వైకల్యం, ఆటిజం, అభ్యసన లోపాలు ఉన్నవారైతే ఐదుగురికి ఒకరు. చూపు, వినికిడి రెండూ లేనివారైతే ఇద్దరికి ఒకరు. ప్రభుత్వం సొంతంగా నిష్పత్తి తేల్చేదాకా తాత్కాలికంగా ఇది పాటించమంది. తర్వాత 2022 సెప్టెంబరులో కేంద్రం విద్యాహక్కు చట్టం షెడ్యూలును సవరించింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు ఉండాలని రాసింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో కోర్టు మళ్లీ కలగజేసుకుని, ఎన్ని పోస్టులు మంజూరు చేస్తారో నోటిఫై చేయమని గడువు పెట్టింది.

మన దగ్గర ఫలితం కనిపిస్తూనే ఉంది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు స్పెషల్ ఎడ్యుకేషన్‌వే. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 ప్రత్యేక విద్య టీచర్ పోస్టుల్ని కొత్తగా మంజూరు చేసింది. కాబట్టి టీ కొట్టు దగ్గర మాట పుకారేం కాదు.

కానీ ఆ పోస్టు ఎవరి కోసం పుట్టిందో గుర్తుపెట్టుకోండి. మీ కోసం కాదు. మీకు జీతం వస్తుంది, మంచిదే. పుట్టింది మాత్రం ఆ పిల్లల కోసం.

నేను మొద్దు అనుకున్న కుర్రాడు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఇరవై ఏళ్లు దాటింది. కొత్తగా ఎస్జీటీగా చేరాను. నాలుగో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న సంతల్లో కూరగాయలు అమ్మేవాడు. ఈ పిల్లాడు నోటి లెక్కల్లో పులి. రెండున్నర కిలోల వంకాయలు, కిలో ముప్పావు బెండకాయలు ఎంతయిందంటే నేను సుద్దముక్క తీసేలోపు చెప్పేవాడు. బోర్డు మీది వాక్యాన్ని పలకలోకి ముత్యాల్లా దించేవాడు. ఆ దించిన వాక్యమే చదవరా అంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ‘అమ్మ’ను ‘అమ’ అనేవాడు. గుడి ఇచ్చినదానికీ గుడి దీర్ఘం ఇచ్చినదానికీ తేడా పట్టుకునేవాడు కాదు. ఒత్తు కనిపిస్తే దాటేసేవాడు. అతను రాస్తున్నది అక్షరాలు కాదు, బొమ్మలు. అది నాకప్పుడు తెలియలేదు.

నేనేం చేశాను? బద్ధకం అనుకున్నాను. తప్పు చదివిన మాట వందసార్లు రాయించాను. వాళ్లమ్మ వచ్చి, ‘‘బుర్ర లేదు సార్ వీడికి, నాలుగు తగిలించండి’’ అంటే, ఆమె కూడా ఒప్పుకుంది కదా అనుకున్నాను. పిల్లాడు వందసార్లూ రాసేవాడు, అదీ తప్పు లేకుండా. మర్నాడు మళ్లీ చదవలేకపోయేవాడు. ఏడో తరగతిలో బడి మానేశాడు. అప్పటికి నేను వేరే ఊరికి బదిలీ అయ్యాను.

తర్వాత చాలా ఏళ్లకు స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తున్నప్పుడు, కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన చదివాను. 2007లో వచ్చిన వ్యాసం అది. చెప్పిన విషయం వినడానికి చిన్నదే. ఇంగ్లిష్ పిల్లాడు ఏడాదిలో ఇరవయ్యారు అక్షరాలతో పరిచయం పూర్తి చేసుకుంటాడు. కన్నడ పిల్లలు మాత్రం నాలుగో తరగతిలో కూడా ఇంకా అక్షరాలు నేర్చుకుంటూనే ఉంటారు. మన తెలుగు లిపి కట్టుబాటూ దాదాపు అదే. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కోదానికి పన్నెండు గుణింతాలు వేసుకున్నా నాలుగు వందల రూపాలవుతాయి. వాటిమీద ఒత్తులు, సంయుక్తాక్షరాలు. మన బడుల్లో రెండో తరగతి అయ్యేసరికి ‘అక్షరాలు అయిపోయాయి’ అనుకుని పాఠాల్లోకి వెళ్లిపోతాం. పిల్లల్లో చాలామందికి అవి అయిపోవు. ఉస్మానియా విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర విభాగంలో పనిచేసిన దుగ్గిరాల వసంత కూడా తెలుగు పిల్లలు మాటల్లోని ధ్వనుల్ని ఎలా విడదీసుకుంటారో పరిశోధించి, 2004లో ప్రచురించారు. అంటే నేను ఆ అబ్బాయి చేత వందసార్లు రాయిస్తున్న రోజుల్లోనే, హైదరాబాద్‌లో కూర్చుని ఒకరు దీని గురించి పనిచేస్తున్నారు. ఆ పని నా తరగతి గది దాకా రాలేదు. నేనూ వెతుక్కుంటూ వెళ్లలేదు.

ఆ పిల్లాడికి డిస్లెక్సియా ఉందా? అతన్ని ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించాలన్నా అప్పట్లో చేతిలో ఉన్నవి ఎక్కువగా ఇంగ్లిష్ పిల్లల కోసం తయారైన పరీక్షలు. ఇంగ్లిష్‌లో ‘బి’కీ ‘డి’కీ మధ్య తడబడటం అందరికీ తెలిసిన గుర్తు. ‘తారే జమీన్ పర్’ చూసినవాళ్లకు అదే గుర్తుంటుంది. తెలుగు పిల్లాడు తడబడేది గుణింతంలో, ఒత్తులో, దీర్ఘంలో. ఇంగ్లిష్ పరీక్షను అనువదించి పెడితే అసలు ఇబ్బంది అందులోంచి జారిపోతుంది. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల్లో డిస్లెక్సియాను గుర్తించే ‘డాలి’ పరీక్షల్ని తెచ్చినప్పుడు అందుకే అంత ప్రాధాన్యం వచ్చింది. మొదట అవి వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, నాకు జాలి తక్కువై ఆ పిల్లాడు నష్టపోలేదు. అతనంటే నాకు ఇష్టమే. నాకు లేనిది పని తెలియడం. స్పెషల్ టీచర్ అనగానే ‘ఓపిక ఉండాలి, సేవాభావం ఉండాలి’ అంటారు. ఓపిక ఎవరికి అక్కర్లేదు? బ్యాంకు కౌంటర్‌లో ఉన్నవాడికీ కావాలి. ఈ ఉద్యోగానికి ముందు కావాల్సింది విద్య. ఎలక్ట్రీషియన్‌కు వైరింగ్ తెలిసినట్టు మీకు ఈ పని తెలియాలి.

పక్కన కూర్చోవడం పాఠం కాదు

పరిశోధన అంటే మనం ముందే అనుకున్నదాన్ని పెద్ద మాటల్లో చెప్పడం అని మీలో కొందరికి అనిపించొచ్చు. ఈ రంగంలో మాత్రం అది చాలాసార్లు మన నమ్మకాన్ని తలకిందులు చేసింది.

ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో కొన్నేళ్లపాటు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పీటర్ బ్లాచ్‌ఫోర్డ్ బృందం చేసిన ఈ పని నివేదిక 2009లో వచ్చింది. వెనకబడిన పిల్లల పక్కన సహాయకులు కూర్చుంటే చదువు బాగుపడుతుందని అందరి నమ్మకం. తీరా లెక్కలు తీస్తే, సహాయకుల సాయం ఎక్కువ అందిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి తక్కువ సాయం అందినవారికంటే తక్కువ ముందుకెళ్లారు. పిల్లల ఇబ్బంది తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇదే ఫలితం. కారణం సహాయకులు చెడ్డవాళ్లని కాదు. వాళ్లు పక్కనుంటే అసలు టీచర్ ఆ పిల్లాడి వైపు చూడటం తగ్గించేశాడు. సహాయకులకు పాఠం ముందుగా తెలియదు. పని పూర్తవ్వాలన్న తొందరలో జవాబు వాళ్లే అందించేశారు. పిల్లాడి నోట్సు నిండింది, బుర్రలోకి మాత్రం ఏమీ వెళ్లలేదు.

ఇప్పుడు మన బడుల్ని తలుచుకోండి. స్పెషల్ టీచర్ రాగానే హెడ్మాస్టరు ‘‘మేడమ్, ఆ ఇద్దరినీ మీరు చూసుకోండి’’ అని ఒక గది ఇచ్చేస్తారు. లేదంటే తరగతిలో వెనక బెంచీలో పిల్లాడి పక్కన కూర్చోబెడతారు. రెండూ సుఖమే, ఎవరికీ తలనొప్పి లేదు. మీరు రేపు ఆ ఉద్యోగంలో చేరితే మొదటి నెలలోనే ఈ పరిస్థితి ఎదురవుతుంది. అప్పుడు ‘నేను పిల్లాడి పక్కన కూర్చోను సార్, మీ పాఠం ముందురోజు నాకివ్వండి, దాన్ని వాడికి అందేలా ఇద్దరం కలిసి మారుద్దాం’ అని చెప్పగలిగేంత విషయం మీ దగ్గర ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు అది చెప్పడం కష్టం, తెలుసు. ఎందుకు చెబుతున్నారో తెలిస్తే కొంచెం తేలిక.

చెవిటి పిల్లల చదువు సంగతైతే ఇంకా ఘోరం. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద అంతర్జాతీయ సభ జరిగింది. అక్కడ చేరిన వాళ్లు దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్లే. సైగల భాష వద్దు, పెదాల కదలిక చూసి మాటలు నేర్చుకోవాల్సిందే అని తీర్మానించారు. బళ్లలో చేతులు కదిపిన పిల్లల్ని శిక్షించిన రోజులవి. 1960లో అమెరికాలో విలియం స్టోకో అనే ఆచార్యుడు సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉందని, అది కూడా అసలైన భాషేనని చూపించాడు. మిలాన్ తీర్మానానికి ఆ అంతర్జాతీయ సభ విచారం ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 2010లో, వాంకూవర్‌లో. నూట ముప్పై ఏళ్లు! ఈలోపు ఎన్ని తరాల పిల్లలు భాష లేకుండా పెరిగారో లెక్క కట్టినవాళ్లు లేరు. మన దేశంలో ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లోనే మొదలైంది. 2021 నాటికి దాని నిఘంటువు పదివేల మాటలకు చేరింది. వినికిడి లోపం విభాగంలో చేరాలనుకుంటే, సైగల భాషను పరీక్ష కోసం నాలుగు పేజీలు చదివి వదిలేయకండి. హిందీ నేర్చుకున్నట్టు, ఇంగ్లిష్ నేర్చుకున్నట్టు, ఆ భాష మాట్లాడే మనుషుల మధ్య కూర్చుని నేర్చుకోండి.

చొక్కా గుండీ పాఠం

అన్నీ తప్పుల కథలేనా అంటారేమో. కాదు. పనిచేసే పద్ధతులు ఉన్నాయి, అవి చేతిపని లాంటివి. ఒక్కటి చెబుతాను.

మేధోపరమైన వైకల్యం ఉన్న తొమ్మిదేళ్ల పాపకు చొక్కా వేసుకోవడం నేర్పాలి. మామూలుగా మనం మొదటినుంచి మొదలుపెడతాం. చొక్కా తియ్యి, చెయ్యి దూర్చు, ఇంకో చెయ్యి దూర్చు... మూడో మెట్టు దగ్గర పాప విసిగిపోతుంది, మిగతాది అమ్మ వేసేస్తుంది. రోజూ ఓటమితోనే ఆగుతుంది. ఈ పనిని వెనకనుంచి నేర్పే పద్ధతి ఉంది. ముందు మొత్తం పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి రాసుకుంటారు. మొదటి వారం అన్నీ మీరే చేసి చివరి గుండీ సగం దూర్చి వదులుతారు. దాన్ని లాగడం ఒక్కటే పాప పని. లాగగానే చొక్కా వేసుకోవడం పూర్తయింది! రెండో వారం చివరి గుండీ మొత్తం పాపదే. తర్వాత రెండు గుండీలు. ఇలా వెనక్కి వెనక్కి వస్తారు. ప్రతిరోజూ పాప పని ముగిసేది గెలుపుతోనే. దీనికి తోడు ఏ మెట్టులో ఎంత సాయం కావాల్సి వచ్చిందో రోజూ ఒక చిన్న పట్టికలో టిక్కు పెడతారు. మూడు వారాల టిక్కులు చూస్తే ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

చూడటానికి ఎంత మామూలుగా ఉంది! కానీ చేతిలో పట్టిక లేని టీచర్ ‘బాగానే ఇంప్రూవ్ అవుతోందండీ’ అంటుంది. పట్టిక ఉన్న టీచర్ ‘నాలుగో గుండీ దగ్గర ఎడమ చెయ్యి పట్టు చాలడం లేదు, ఫిజియోథెరపిస్టుకు చూపిద్దాం’ అంటుంది. ఇద్దరికీ సర్టిఫికెట్ ఒకటే.

ఇక కోర్సు మాట

మన దేశంలో స్పెషల్ టీచర్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేసి, వాళ్ల సెంట్రల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ప్రాక్టీస్ చేయడం శిక్షించదగ్గ నేరం. ఇంటర్ తర్వాత డీఈడీ స్పెషల్, డిగ్రీ తర్వాత బీఈడీ స్పెషల్ అన్నవి తెలిసిన దారులు. కోర్సుల నిడివి మీద ఆర్‌సీఐ నిబంధనలు ఈ మధ్య మారుతూ వస్తున్నాయి కాబట్టి, ఎవరో చెప్పారని కాకుండా ఫీజు కట్టే రోజున ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో మీరే చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ టెట్‌లో వీరికి 1-బి, 2-బి పేపర్లు విడిగా ఉంటాయన్నదీ గుర్తుంచుకోండి.

మనవాళ్లకు ఒక అదృష్టం ఉంది. మేధోపరమైన వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ, 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోనే ఉంది. వినికిడి, చూపు లోపాలకు సంబంధించిన జాతీయ సంస్థల ప్రాంతీయ కేంద్రాలూ సికింద్రాబాద్‌లోనే పనిచేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరులో మిశ్రమ ప్రాంతీయ కేంద్రం ఉంది. సీటు రాకపోయినా ఒక్కసారి వెళ్లి చూసి రండి.

ఇప్పుడు అసలు మాట. ‘క్లాసులకు రానక్కర్లేదు, ప్రాక్టికల్స్ మేం చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు’ అనే కాలేజీలు మీకు తప్పకుండా తగులుతాయి. ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు అని కూడా అంటారు. మామూలు బీఈడీలో ఇది పాత రోగమే, అక్కడా తప్పే. కానీ ఇక్కడ దాని ఖరీదు వేరు. మామూలు తరగతిలో బలహీనమైన టీచర్ దొరికితే పిల్లలు ట్యూషన్‌తోనో, పక్కవాడి నోట్సుతోనో గట్టెక్కుతారు. ఆటిజం ఉన్న ఆరేళ్ల పిల్లాడికి ఆ మండలంలో దొరికే ఒకే ఒక్క టీచర్ మీరే కావచ్చు. మాటలు నేర్చుకోవడానికి మంచి వయసైన ఆ రెండేళ్లు మీ చేతిలో ఉంటాయి.

కాబట్టి కాలేజీలో చేరేముందు నేను అడగమనేవి రెండే ప్రశ్నలు. ప్రాక్టికల్స్ ఏ బడిలో, వారానికి ఎన్ని రోజులు? ఒక పిల్లాడికి తయారుచేసిన వ్యక్తిగత విద్యా ప్రణాళికను నేను ఎన్ని నెలలు అమలు చేసి చూస్తాను? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట మిగతా హంగులు చూడక్కర్లేదు. ఇంకో సలహా, ఖర్చు లేనిది. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. అనుమతి తీసుకుని వరసగా ఐదు రోజులు వెళ్లి కూర్చోండి. ఒక్కరోజు కాదు, ఐదు రోజులు. మొదటిరోజు ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. నాలుగోరోజు ఒక పిల్లాడు మీ చొక్కా మీద ఉమ్మినప్పుడు, ఇంకో పిల్ల గంటసేపు ఆగకుండా అరిచినప్పుడు మీకేమనిపించిందో, అది చూసుకుని నిర్ణయించుకోండి. కుదరదు అనిపిస్తే అందులో తప్పేం లేదు. చేరాక అనిపించడంకంటే అది వెయ్యి రెట్లు నయం.

అక్కడ పనిచేసేవాళ్లతో కూడా మాట్లాడండి. భవిత కేంద్రాల్లో రిసోర్స్ పర్సన్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే, రెగ్యులర్ టీచర్ జీతంతో పోలిస్తే చాలా తక్కువకు పనిచేస్తూ వచ్చారు. నడవలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళ్లి పాఠం చెబుతారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఇలాంటి మనుషులే. ఇవాళ మీకు కనిపిస్తున్న రెగ్యులర్ పోస్టు వెనక వాళ్ల పోరాటం ఉంది. జీతం గురించి మీరు అడగడం తప్పు కాదు. ‘సేవ చేసేవాళ్లు డబ్బు అడగొద్దు’ అనే మాట ఎవరైనా అంటే, అన్నవాళ్ల జీతం ఎంతో అడగండి.

మీరు టీచర్ కాకపోయినా

అందరూ బీఈడీ చేయక్కర్లేదు. ఈ రంగంలో మనుషుల కొరత బడి బయటా ఉంది. బైపీసీ చదివినవాళ్లకు మాట, వినికిడి లోపాలకు సంబంధించిన నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ, ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులు ఉన్నాయి. ఎంబీబీఎస్ రాకపోతే లోకం ముగిసిందనుకునే ఇళ్లలో వీటి పేరే ఎత్తరు. భాషాశాస్త్రం, సైకాలజీ చదివేవాళ్లకు తెలుగులో చేయాల్సిన పరిశోధన కొండంత ఉంది. మూడో తరగతి తెలుగు పిల్లాడు నిమిషానికి ఎన్ని మాటలు చదివితే మామూలు? ఏ గుణింతం ఎప్పుడు పట్టుబడుతుంది? మాండలికం ఇంట్లో ఒకటి, పుస్తకంలో ఒకటి అయినప్పుడు తప్పును లోపంగా ఎప్పుడు లెక్కేయాలి? లంబాడా, కోయ, గోండి ఇళ్లనుంచి వచ్చి తెలుగులో చదివే పిల్లాడి ఇబ్బంది భాషదా, లోపానిదా? ఈ నాలుగో ప్రశ్నకు తప్పు జవాబు చెబితే, ఏ లోపమూ లేని పిల్లాడి మీద ముద్ర పడుతుంది. పీహెచ్‌డీ అంశం కోసం వెతుక్కునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చేది దొరుకుతుందా? ఇంజినీరింగ్ వాళ్లు మీ ప్రాజెక్టుగా ఇంకో అటెండెన్స్ యాప్ చేసే బదులు, స్కాన్ చేసిన తెలుగు పాఠ్యపుస్తకాన్ని ఒత్తులు తప్పకుండా చదివి వినిపించే పని పట్టుకోండి.

ఈ పేజీ చదివేవాళ్లలో వైకల్యం ఉన్న విద్యార్థులూ ఉంటారు. మీకు రెండు ముక్కలు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది. రాయడంలో ఇబ్బంది ఉన్నా 40 శాతం సర్టిఫికెట్ రానివారికి స్క్రైబ్ ఇవ్వం అన్న వాదనను సుప్రీంకోర్టు 2021లో వికాస్ కుమార్ కేసులో తోసిపుచ్చింది. ఆ తీర్పు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, ఎక్కడో ఒకచోట అవసరం పడుతుంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పదో తరగతి తర్వాత సైన్స్ సీటు ఇవ్వలేమన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి తెచ్చుకున్నారు, తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివారు, తిరిగొచ్చి కంపెనీ పెట్టారు. ఆయన కథను సినిమాగా చూసి చప్పట్లు కొట్టాం. అసలు ఆ కుర్రాడు సైన్స్ చదవడానికి కోర్టు మెట్లెందుకు ఎక్కాల్సి వచ్చిందని మాత్రం మనలో ఎంతమంది అడిగాం?

నా దగ్గరికొచ్చిన డిగ్రీ కుర్రాడు ఇదంతా విని, ‘‘అయితే చేరమంటారా, వద్దంటారా సార్?’’ అన్నాడు. ముందు ఐదు రోజులు భవిత కేంద్రానికి వెళ్లి రమ్మన్నాను. వెళ్లాడు. మూడోరోజు ఫోన్ చేసి, ‘‘ఇక్కడొక పాప ఉంది సార్, రంగులన్నీ గుర్తుపడుతోంది కానీ పేరు చెప్పలేకపోతోంది. ఎలా మొదలుపెట్టాలి?’’ అని అడిగాడు. పోస్టులెన్ని అని అడగలేదు.

ఇక మా నాలుగో తరగతి అబ్బాయి. అతను ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేర్ చేసే షాపు పెట్టుకున్నాడు, బాగానే నడుస్తోంది. మూడేళ్ల కిందట ఎక్కడో నా నంబరు సంపాదించాడు. పండగలకు వాట్సాప్‌లో పలకరిస్తాడు. ‘‘సార్, బాగున్నారా? నేను సార్, మీ దగ్గర నాలుగు చదివినోణ్ణి.’’ ఇన్నేళ్లలో ఒక్క అక్షరం టైప్ చేసి పంపలేదు. ఎప్పుడూ వాయిస్ మెసేజే.